శాబ్దబోధవిచారమున వక్తయొక్క స్థానము

శాబ్దబోధ మనుమాట సంస్కృతవిద్యార్థులకుఁ గ్రొత్తది కాదు. తర్కసంగ్రహము ముగించి ముక్తావళిలోఁ బ్రవేశించిన బాలుఁడు సైతము దానిని దినమున కెన్నియో పర్యాయము లుచ్చరించును. ఆ బోధ మెవరి దని యడిగినచో మాత్రము చాలమంది క్షణకాల మాలోచింతురు. పలికినవాఁడు తా నెఱిఁగిన యర్థమునే పలికెను. వానికిఁ గ్రొత్తగాఁ గలిగిన జ్ఞాన మేమియు లేదు. బోధము గలిగినది వినినవానికి. ఒకఁడు పలుకుటయు, వేఱొకఁడు దానిని విని తెలిసికొనుటయు నను నీ నిత్యవ్యవహారమును భారతీయశాస్త్రకారులు విచారింపఁ బూనినపుడు వారు నిలిచినచోటు శ్రోతప్రక్కనే కాని వక్తప్రక్కఁ గాదు.

గ్రీకుదేశమున నిట్లు గాదు. అరిస్టాటిలు తన వక్తృత్వశాస్త్రమున వక్త, విషయము, శ్రోత యని ప్రసంగమునకు మూఁడంగములను జెప్పి, ప్రసంగప్రయోజనము శ్రోతనుబట్టియే నిర్ణయింపఁబడునని కూడ నంగీకరించెను. ఐనను నా గ్రంథము సభయందు నిలిచి పలుకవలసినవానికొఱకు వ్రాయఁబడినది. ఈ దేశమునను పలుకువారికిని వ్రాయువారికిని శిక్ష లేకపోలేదు. కౌటిల్యుఁ డర్థశాస్త్రమున శాసనాధికార మను ప్రకరణమునందు రాజలేఖకున కర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము నను నాఱు గుణములను విధించెను. భరతుఁడు నటునికిఁ గాకుస్వరములను నేర్పెను. కాని పాఠము లేర్పడి, పూర్వపక్షసిద్ధాంతములతోఁ బెరిగి, వేయేండ్లకు మించి గురుశిష్యపరంపరచే నిలిచిన విచారము శ్రోతృజ్ఞానమును గూర్చినదే. ఇందుచే, భారతీయులు శబ్దమును జూచిరి కాని మాటాడు మనుష్యుని జూడలే దని పైపైఁ జూచినవారికిఁ దోఁచును. ఈ తలఁపు సరి కాదు. వక్తను బహిష్కరించినవారు గలరు. ఏల బహిష్కరించితి మని వారు చెప్పియే యున్నారు. ఆ వక్త మరల నేయే ద్వారములనుండి శాస్త్రములోనికి వచ్చెనో చూపుట యీ వ్యాసోద్దేశము.

మొదట నట్టి బహిష్కారము లేదు. యాస్కుఁడు నిరుక్తమున, లోకవ్యవహారముకొఱకు శబ్దముచేతనే సంజ్ఞలు చేయుట కేమి హేతువని విచారించి, శబ్దము వ్యాపించునదియు, నతిసూక్ష్మమైనదియు నగుటయే హేతు వనెను. వ్యాఖ్యాత యగు దుర్గాచార్యుఁ డిచట నొక యాక్షేపమును గల్పించుకొనెను. చేతులతోను గన్నులతోను జేయు సైగలును వ్యాపించునవియే కదా, అవి యేల చాలవు? వానికిఁ బ్రయాస యెక్కువ, నిశ్చయము తక్కువ యని సమాధానము. సైగను మాటతో నొక్కత్రాసున నుంచి తూఁచిన యీ రెండు మూఁడు పంక్తులను నిరుక్తపాఠకులు సామాన్యముగా దాఁటిపోవుదురు. పాణినీయమునను వక్తృశ్రోత లిరువురును గానవత్తురు. దూరమునుండి పిలుచునపుడు వాక్యమునఁ గడపటి యచ్చు ప్లుతమగు నను విధిలో నిరువురినడుమనున్న దూరమే స్వరమాత్రకు నిమిత్త మగుచున్నది. అభివాదము చేసినవానికిఁ బ్రత్యభివాదము చెప్పునపుడును ప్లుతము విహితము. ఆ ప్లుతము నెఱుఁగనివానికడ, స్త్రీలకడఁ జెప్పినట్లు, నామము చెప్పక 'ఇదిగో నేను' అని మాత్రమే నమస్కరించిన చాలునని పతంజలి వ్యాకరణప్రయోజనములలోఁ జెప్పిన పరిహాసము శాబ్దికు లెల్ల రెఱిఁగినదే. కాత్యాయనుఁడు శబ్దప్రయోగమున కర్థమే ప్రేరకమనియు, నది లోకమునుండి సిద్ధించుననియు, శాస్త్రము ధర్మనియమమును మాత్రము చేయుననియు వార్తికించెను. దానికిఁ బతంజలి చెప్పిన దృష్టాంతము కుమ్మరిది. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోయి చేసిపెట్టు మని యడుగును. మాట కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోఁడు. అర్థమును మనసున నుంచుకొని తానే పలుకును.

బహిష్కారము మీమాంసకులచేత జరిగినది. వారికి వేదము అపౌరుషేయము. పలికినవాఁడు లేనివాక్యమునుండి యర్థమెట్లు తెలియు నని వారు చెప్పవలసివచ్చెను. జైమిని శబ్దార్థసంబంధము ఔత్పత్తిక మని, అనఁగా నొకరు చేసినది కాదని, సూత్రించెను. శబరస్వామి దానిని వివరించుచు, పురుషవచనము అతీంద్రియవిషయమునఁ బుట్టుగ్రుడ్డి రంగులను వర్ణించినట్లుండు ననియు, శబ్దము తానే తెలియఁజేయుచుండఁగా నందు మిథ్యాత్వమున కవకాశము లే దనియు వాదించెను. కుమారిలుఁడు క్రీ. శ. 7వ శతాబ్దమున శ్లోకవార్తికములో దీనికిఁ బదును పెట్టెను. శబ్దమునందు దోషము పుట్టుట వక్త యధీనము. వక్తయే లేనిచోట దోష మాశ్రయించుటకుఁ జోటే లేదు. ఈ వాదమున వక్త యనఁగా నపరాధియే. అసత్యము, భ్రమము, ప్రమాదము, వంచన యను నాలుగును వానివెంటఁ బ్రవేశించును. వేదప్రామాణ్యమును గాపాడుటకై వానిని ద్వారముకడనే నిలిపిరి.

కాని సంబంధము నిత్యమైనను దాని జ్ఞానము బాలునకుఁ బుట్టుకతో లేదు కదా? ఈ ప్రశ్నకు శబరుఁడు చెప్పిన సమాధానమే తరువాతి శాస్త్రమున కంతకును బునాది. పెద్దలు తమలోఁ దాము మాటాడుకొనుచుండఁగా బాలుఁడు ప్రక్కనుండి చూచి నేర్చుకొనును. ఆ పెద్దలును బాలులైనపుడు వేఱుపెద్దలవలన నట్లే నేర్చిరి. ఈ పరంపరకు మొదలు లేదు. పెద్దవాఁడు 'ఆవును దెమ్ము' అనును. చిన్నవాఁడు లేచి పోయి గంగడోలుగల జంతువును దెచ్చును. చూచుచున్న బాలుఁడు, తనచేష్టకుఁ దన జ్ఞానమే కారణ మగుటచే, నీతని చేష్టకును నొకజ్ఞానము కారణమై యుండవలెననియు, నది యామాట వినుటచేతనే పుట్టెననియు నూహించును. మఱియొకప్పుడు 'ఆవును గట్టుము', 'గుఱ్ఱమును దెమ్ము' అని వినఁగా, ఏమాట చేర్చిన నేది చేరునో, ఏమాట తీసిన నేది పోవునో గమనించి యొక్కొక్క పదమున కర్థమును వేఱుపఱచుకొనును. దీనినే ఆవాపోద్వాపము లందురు. వక్తను దరిమిన మీమాంసకు లిచటఁ జూపిన యింటిచావడిలో మువ్వురు మనుష్యు లున్నారు. చెప్పువాఁడు, చేయువాఁడు, చూచువాఁడు. శబ్దశక్తిని నేర్చునది మాటయెవరితోఁ జెప్పఁబడెనో వాఁడును గాఁడు, ప్రక్కనున్న మూఁడవవాఁడు!

ఈ చావడినుండియే కౌమారిలులకును బ్రాభాకరులకును గలహము పుట్టినది. బాలుఁడు మొదట గ్రహించినది పూర్ణవాక్యమునే కావున, పదములు క్రియతో నన్వయించిన యర్థమునే చెప్పును, విడివిడిగాఁ జెప్పవు అని ప్రభాకరుని అన్వితాభిధానము. ఆవాపోద్వాపములచేఁ బదార్థములు విడివడిన తరువాత, పదములు తమతమ యర్థములను జెప్పి విరమింపఁగా నా యర్థములే కలసి వాక్యార్థ మగు నని కుమారిలుని అభిహితాన్వయము. శాలికనాథుఁడు ప్రకరణపంచికయందలి వాక్యార్థమాతృకలో గురుపక్షమును సమర్థించిన తీరు మిక్కిలి సూక్ష్మము. ఇచటఁ దడవుట కవకాశము లేదు. ఒకమాట చెప్పవచ్చును. తెనుఁగు బడులలోఁ బద్యమునకు మొదట ప్రతిపదార్థమును, పిదప తాత్పర్యమును జెప్పించు పద్ధతి కుమారిలుని కనుకూలము. కొలచల మల్లినాథసూరి సమస్తమును అన్వయముఖముననే వ్యాఖ్యానింతునని ప్రతిజ్ఞచేసి క్రియనుబట్టి పదములను లాగుకొనివచ్చు పద్ధతిలో రెండవపక్షపు గాలి యించుక సోఁకినది. ఐనను నతఁ డాపక్షమువాఁ డని చెప్పుట సాహసము.

మీమాంసకుల గ్రంథములోనే వక్తకు మఱల నధికారము వచ్చిన స్థలమొకటి కలదు. దానిని పికనేమాధికరణ మందురు. పికము, నేమము, తామరసము, సతము అను శబ్దములు వేదమునఁ గలవు. వాని యర్థము ఆర్యవ్యవహారమున మాసిపోయినది. మ్లేచ్ఛులు మాత్రము కోకిల, సగము, కమలము, దారుపాత్రము నను నర్థములలో వానిని వాడుచున్నారు. ఇట్టిచోట నిగమనిరుక్తవ్యాకరణముల సాయమునఁ గ్రొత్తయర్థమును గల్పింపవలెనా? మ్లేచ్ఛు లిచ్చిన యర్థమును గ్రహింపవలెనా? మ్లేచ్ఛప్రసిద్ధియే గ్రాహ్య మని సిద్ధాంతము. వేదమునకు వక్త లేఁడన్నవారు, వేదపదమున కర్థము తెలియుటకుఁ బక్షులను బట్టుకొని జీవించువానియొద్దకుఁ బోవలె నని తీర్పుచెప్పిరి. శాస్త్రకారుల ధర్మబుద్ధికి నింతకంటె నిదర్శనము వేఱొక్కటి కానరాదు.

ఆ యధికరణముననే కుమారిలుఁడు తంత్రవార్తికమున నొకవినోదమును జెప్పెను. ద్రావిడాదిభాషలయందలి హలంతపదములను విని, ఆర్యులు వానికి నచ్చును విభక్తిని స్త్రీప్రత్యయమును దగిలించి, తమభాష కనుగుణమైన యర్థమును గల్పించుకొందు రఁట. అన్నమును 'చోర్' అనఁగా దానిని చోరశబ్దముగాఁ జేయుదురు. త్రోవను 'అతర్' అనఁగా, దాఁట శక్యము కానిది కావున త్రోవ అతరమే యందురు. పామును 'పాప్' అనఁగా, నిజమే, అది పాపమే యందురు. స్త్రీవాచకమైన 'మాల్' శబ్దమును మాలయని చేయుదురు. కడుపును 'వైర్' అనఁగా, ఆఁకొన్నవానిని అకార్యమునకుఁ బురికొల్పును గావునఁ గడుపు వైరియే యని సమర్థింతురు. ద్రావిడమునందే యిట్లయినచో, పారసీక బర్బర యవన రౌమకాదిభాషలలో నెన్నెన్ని కల్పింతురో యని యతని పరిహాసము.

ఈ పంక్తియందు 'ద్రావిడాది' యనియు, 'ఆంధ్రద్రావిడ' యనియు రెండుపాఠములు ప్రచారమునఁ గలవు. రెండవదానినిబట్టి కాల్డ్వెల్ 1875 నాఁటి తన ద్రావిడభాషావ్యాకరణపు రెండవకూర్పునఁ దెనుఁగును దమిళమును గలిపి యాంధ్రద్రావిడభాష యని కుమారిలుఁడు వ్యవహరించె నని తలఁచెను. తెనుఁగుపేరు 7వ శతాబ్దపు మీమాంసాగ్రంథమునఁ గానవచ్చుట యాంధ్రులకు సంతోషకరమే. ఐనను విషయమునుబట్టి చూచిన నాపాఠము నిలుచునట్లు లేదు. తెనుఁగు అజంతభాష. హలంతములకు నచ్చును జేర్చుట యను దోషమునకుఁ దెనుఁగుపదముల నుదాహరించుట పొసఁగదు. ఉదాహరణములును చోఱు, అతర్, పాంబు, వయిఱు అను తమిళపదములకే దగ్గఱ. వానిలో 'అతర్' తక్క మిగిలినవాని తుద నున్న హ్రస్వతరమైన యుకారము ఔత్తరాహుల చెవికి సోఁకియుండదు. ఇది యిట్లుండఁగా, కుమారిలుని యుదాహరణమునకు శాబ్దబోధచరిత్రలో వేఱొక ప్రయోజనము గలదు. ఆ యార్యశ్రోతకు శబ్దము వినఁబడినది, వ్యాకరణము తెలిసినది, నిర్వచనము కుదిరినది. బోధము మాత్రము తప్పినది. తప్పినట్లు వానికిఁ దెలియలేదు కూడ. కారణ మొక్కటియే: ఆ పలుకరుల చావడిలో వాఁ డెన్నఁడును గూర్చుండలేదు.

కుమారిలునికి ముందే వైయాకరణుఁ డొకఁడు శ్రోతృహృదయమును విప్పి చూపెను. భర్తృహరి కాలమును గూర్చి యొకప్పుడు భ్రమ యుండెను. చీనాయాత్రికుఁడైన ఇత్సింగు, భర్తృహరి మృతినొంది నలువదియేండ్లైన దని వ్రాయుటచే, 651వ సంవత్సర మతని మరణకాలముగాఁ బుస్తకముల కెక్కినది. దిఙ్నాగుని త్రైకాల్యపరీక్ష టిబెట్టుభాషానువాదమున లభించి, అందు వాక్యపదీయకారికలు గ్రహింపఁబడినట్లు ఫ్రౌవాల్నరు చూపిన తరువాత నది నిలువలేదు. భర్తృహరి క్రీ. శ. 5వ శతాబ్దమువాఁ డనుట యిప్పుడు సర్వసమ్మతప్రాయము.

వాక్య మఖండమనియు, వాక్యార్థము ప్రతిభారూప మనియు నతఁడు రెండవకాండమునఁ జెప్పినది ప్రసిద్ధము. శబ్దార్థసందేహము గలిగినచోట సంసర్గము, విప్రయోగము, సాహచర్యము, ప్రకరణము, ఔచిత్యము, దేశము, కాలము మొదలగునవి నిర్ణాయకము లను పట్టికయు నక్కడిదే. ఆలంకారికులందఱును దానిని వాడుకొనిరి. ప్రస్తుతవిషయమునకుఁ బ్రధానమైనది తృతీయకాండములో సంబంధసముద్దేశారంభమునఁ గలదు. ఉచ్చరింపఁబడిన శబ్దములనుండి మూఁడు తెలియు ననుట యాకారికాభావము. పలికినవాని జ్ఞానమొకటి, వెలుపలి యర్థమొకటి, శబ్దముయొక్క స్వరూపమొకటి. 'వాన వచ్చుచున్నది' యని యెవఁడైన నింటిలోనివారితోఁ గేక వేసినచో, వానను గూర్చి తెలియుటయే కాక, కేక వేసినవాఁడు దానిని జూచె ననియుఁ దెలియును. ఆమాట తెనుఁగుమాట యనియుఁ దెలియును. మూఁడవదానినిఁ గొందఱు లెక్కింపరు. భాష తెలియనివాని కదియొక్కటియే తెలియు నని వారు మఱచుచున్నారు.

పాశ్చాత్యదేశములలో నీవిచారము మిక్కిలి యాలస్యముగా బయలుదేరినది. సంస్కృతమందలి అనాదరషష్ఠీప్రయోగముపై 1881లో వ్యాసము ప్రకటించిన సొస్యూరు, తరువాత జెనీవాలోఁ జెప్పిన పాఠములలో నిరువురు మనుష్యుల ముఖములను గీచి, ఒకనిమనసునుండి వేఱొకనిమనసునకుఁ దిరుగు వాక్చక్రమును జూపెను. ఆ పాఠము లతని మరణానంతరము 1916లో గ్రంథరూపము దాల్చినవి. 1934లో బ్యూలరు, భాషాసంకేతము వక్తకు, శ్రోతకు, వస్తువునకు నను మూఁటికిని సంబంధించు నని నిరూపించెను. భర్తృహరిత్రయమునకును బ్యూలరుత్రయమునకును బోలిక చూపి సంతోషించుట సులభము. భేదము చూచుటయే మేలు. బ్యూలరుపట్టికలో శ్రోత యొకమూల నున్నాఁడు. భర్తృహరిపట్టికలో శ్రోతయే లేఁడు. ఏలయనఁగా నా మూఁడును గలుగుచున్నది వానియందే. పటమును గీచువాఁడు పటములో నుండఁడు కదా.

భర్తృహరి యొక్కమాటలో నుంచిన వక్తృజ్ఞానమును దరువాతివారు విడఁదీసి యొకరిపై నొకరు విసరికొనిరి. బౌద్ధులు దానినే పట్టుకొని తక్కినదానిని ద్రోసివేసిరి. శబ్దమునకు బాహ్యార్థముతో నియతసంబంధము లేదు గావున, అది వక్తయభిప్రాయమును మాత్రమే సూచించు నని ధర్మకీర్తి ప్రమాణవార్తికమున వాదించెను. పొగనుబట్టి నిప్పువలెఁ బలుకునుబట్టి వివక్ష యనుమేయము. అనఁగా, మీమాంసకులు వక్తను వెలివేసి యర్థమును నిలుపుకొనఁగా, బౌద్ధులు వక్తను నిలుపుకొని యర్థమును వెలివేసిరి. ప్రాభాకరులు చేసినపని యింకను విచిత్రము. వారు లోకవాక్యములవిషయమున బౌద్ధులతో సగముదూరము నడచి, మనుష్యవాక్యము వక్తృజ్ఞానమున కనుమానలింగమే కాని స్వతంత్రశబ్దప్రమాణము గాదనియు, శబ్దప్రమాణ మను గౌరవము వేదమొక్కదానికే చెల్లు ననియుఁ జెప్పిరి. అంగడిలో బేరమాడుకొనుమాటకును యజ్ఞవిధికిని జ్ఞానోత్పత్తిమార్గమే వేఱైపోయినది. ఇది యంగీకరించినచో, 'ఆవును దెమ్ము' అను లోకవాక్యముచే శక్తిని నేర్చిన బాలుఁడు వేదవాక్యము నెట్లు గ్రహించును? భాట్టులడిగిన యీ ప్రశ్నకుఁ బ్రాభాకరులు బదులు చెప్పకపోలేదు. కాని యా బదులులు బిగువుగా నుండవు.

నైయాయికుల మార్గము సాధువైనది. గౌతముఁ డాప్తోపదేశము శబ్దప్రమాణ మనెను. వాత్స్యాయనభాష్యమున నాప్తుఁ డనఁగా విషయమును సాక్షాత్కరించుకొని, చూచినదానిని జూచినట్లు తెలుపఁగోరి పలుకువాఁడు. ఈలక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమాన మని భాష్యకారుఁడు స్పష్టపఱచెను. శబ్దార్థసంబంధము సమయమాత్రమే, అనఁగాఁ గట్టుబాటే. జాతిభేదమునుబట్టి యది మాఱుచుండుటయే సాక్ష్యము. ఇట్లు వీరిమతమున వక్త యపరాధి కాఁడు, సాక్షి. సాక్షిని నమ్మవలెనా మానవలెనా యను ప్రశ్న వేఱు. సాక్షి లేనిదే వ్యవహారము నడవదు. వేదమునకు సైతము వీరు ఈశ్వరుని వక్తగాఁ జేసి యీ నియమమును జెల్లించుకొనిరి.

ఇఁక నాలంకారికులు. కాశ్మీరమున అవంతివర్మ (855-883) కాలపువాఁడైన ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకతృతీయోద్ద్యోతమున, శబ్దములకు అనుమేయము, ప్రతిపాద్యము నను రెండువిషయములు గల వని విభజించెను. వివక్ష యనుమేయము. అదియు రెండువిధములు: శబ్దస్వరూపమును బ్రకాశింపఁజేయు కోరిక, శబ్దముచే నర్థమును బ్రకాశింపఁజేయు కోరిక. మొదటిది శబ్దవ్యవహారమున కంగము గాదు. దానివలనఁ బలికినది ప్రాణి యని మాత్రము తెలియును. చీఁకటిలో నేదో కూఁత వినఁబడఁగా 'అదెవరో' అని లేచి కూర్చుండు శ్రోతకుఁ గలుగు జ్ఞాన మదియే. వాచ్యవ్యంగ్యము లన్ననో ప్రతిపాద్యములు. అనుమానమున కందునవి కావు. బౌద్ధుఁడు పట్టిన వివక్షను వానికే విడిచి, అర్థమును దాను గైకొనిన యీ విభాగము వాదనిపుణతకుఁ బరమావధి. 11వ శతాబ్దమున మహిమభట్టు వ్యక్తివివేకమున ధ్వనినంతయు ననుమానములోఁ గలుపఁబూనెను. 1909లో గణపతిశాస్త్రి యనంతశయనమునఁ బ్రకటించిన యా గ్రంథము పాండిత్యమునకై పఠింపఁబడుచున్నది, మతమునకుఁ గాదు.

మమ్మటుఁడు కావ్యప్రకాశతృతీయోల్లాసమున, అర్థవ్యంజకతకు సహకారులను లెక్కించుచు మొట్టమొదట వక్తను, వెంటనే బోద్ధవ్యుని బేర్కొనెను. తరువాతనే కాకువు, వాక్యము, వాచ్యము, అన్యసన్నిధి, ప్రస్తావము, దేశము, కాలము, చేష్టాదులు. భర్తృహరిపట్టికలోఁ బ్రకరణదేశకాలము లుండెను కాని వక్తృబోద్ధవ్యులు ప్రత్యేకముగా లేరు. ఈ రెండుపేళ్లు పట్టికకు నెత్తిపైఁ జేరుట యొక చిన్నమార్పుగాఁ గానవచ్చును. పంచమోల్లాసమున సూర్యుఁ డస్తమించె నను నొక్కవాక్యము నెత్తుకొని, దండనాయకుఁడు పలికిన శత్రువులపైఁ బడుట కదను, దూతిక పలికిన నభిసరింపవలయు ననియు, పనివాఁడు పలికినఁ బని చాలింత మనియు, పశులకాపరి పలికిన నావులను దోలుకొనిపోవుద మనియు, వర్తకుఁడు పలికిన సరకు సర్దుఁ డనియు నర్థములు వచ్చు నని చూపినపుడు గాని యా మార్పు బలము తెలియదు. వాచ్యము ప్రతిశ్రోతకు నొక్కటియే. పలికినవాఁడును వినువాఁడును మాఱినకొలఁదిని వ్యంగ్యమునకు లెక్క లేదు. మీమాంసకులు దోషభీతిచే వెడలఁగొట్టిన వక్త, యిచట రసమునకుఁ గారణమై, సపరివారముగా మరలివచ్చెను.

నవ్యన్యాయమున వక్త తాత్పర్య మను పేరఁ బీఠమెక్కెను. 14వ శతాబ్దమున మిథిలయందు గంగేశుఁడు తత్త్వచింతామణి శబ్దఖండమున ఆకాంక్షాయోగ్యతాసత్తులతోఁ దాత్పర్యమును విచారించెను. ఈ యర్థము తెలియుఁగాక యను కోరికతోఁ బలుకుటయే తాత్పర్యము; దాని జ్ఞానము శాబ్దబోధమునకుఁ గారణము. భోజనసమయమున సైంధవమును దెమ్మనిన నుప్పు, పయనమున గుఱ్ఱము. ఇంతవఱకు బాగుగనే యున్నది. అప్పుడొక చిలుక యెగిరి వచ్చి వాదములో వ్రాలినది.

చిలుక పలుకును. వినువానికి నర్థము తెలియును. దానికి నర్థజ్ఞానమును లేదు, తెలుపవలె నను కోరికయు లేదు. మఱి యెవరి తాత్పర్యమును దెలిసికొని శ్రోత బోధము నందెను? విశ్వనాథకృతిగాఁ బ్రసిద్ధమైన ముక్తావళిలో దీనికిఁ జెప్పిన సమాధానములు వరుసగాఁ జదువఁదగినవి. చిలుకపలుకు నిజమైనచో నీశ్వరుని తాత్పర్యము. అబద్ధమైనచో నీశ్వరునకు నసత్యదోష మంటును గావున, దానికి మాటలు నేర్పినవాని తాత్పర్యము. ఇతరు లన్ననో, నానార్థపదము లున్నచోట మాత్రమే తాత్పర్యజ్ఞానము కావలయును. చిలుకపలుకున నది లేకయే బోధము కలుగును. వేదమున ననాదియైన మీమాంసచే శోధింపఁబడిన తర్కములే యర్థమును నిర్ణయించు నందురు. మొదటి సమాధానమును బరిహసించు నాధునికులు, పంజరములోని పక్షి కొఱకు సర్వేశ్వరుని బిలువవలసివచ్చిన యక్కఱను గమనింపలేదు. వక్తృతాత్పర్యము శాబ్దబోధమునకు నియతకారణ మని యొకసారి యన్నచో, వక్త లేనిచోట నొకనిఁ దెచ్చి నిలుపక తీఱదు. నియమమును నమ్మినవాని నిజాయితీ యది.

ఇదే చిక్కు 17వ శతాబ్దమునఁ దంజావూరుప్రాంతపు ధర్మరాజాధ్వరి వేదాంతపరిభాషలో నింకొక వేషమున వచ్చినది. అర్థ మెఱుఁగని పురుషుఁడు వేదము నుచ్చరించును. వ్యుత్పన్నుఁడు విని యర్థము గ్రహించును. ఇట్టి పారాయణము లేని యగ్రహారము లేదు. తాత్పర్య మనఁగా వక్త కోరిక యైనచో నీ శ్రోతకు బోధమే కలుగరాదు. కావునఁ దాత్పర్యము వక్తయందుఁ గాక వాక్యమునందే యుండవలెను. ఆ యర్థప్రతీతిని బుట్టింపఁగల యోగ్యతయే తాత్పర్యము అని యతఁడు లక్షణము మార్చెను. పీఠముపై వక్త లేచి పోయినాఁడు, పేరు మాత్రము మిగిలినది. అడయారునుండి 1963లో వెలువడిన కుంజుణ్ణిరాజాగారి యర్థవిచారగ్రంథమున నీ తాత్పర్యవాదము లొక్కచోటఁ గూర్పఁబడినవి.

ఆంధ్రుఁడైన అన్నంభట్టు పాణినీయమునకు మితాక్షర వ్రాసిన శాబ్దికుఁడు కూడ నగుటచే నీ చిక్కులన్నియు నెఱిఁగినవాఁడే. తర్కసంగ్రహదీపికలో నతఁడు నానార్థములనుబట్టి తాత్పర్యజ్ఞానము వాక్యార్థజ్ఞానమునకు హేతు వని రెండుమాటలలోఁ దేల్చి, ప్రకరణాదులు తాత్పర్యమును గ్రహింపఁజేయు నని చెప్పి, చిలుకజోలికిఁ బోలేదు. వెంటనే తలుపుమాట యెత్తుకొనెను. ఒకఁడు 'తలుపు' అని మాత్రము పలుకును. వినువాఁడు లేచి మూయును. పలుకని మిగిలిన భాగము శ్రోత యెక్కడనుండి తెచ్చుకొనెను? మూయుట యను నర్థమునే తెచ్చుకొనె ననుట ప్రాభాకరుల అర్థాధ్యాహారము. 'మూయుము' అను శబ్దమునే మనసునఁ జేర్చుకొనె ననుట శబ్దాధ్యాహారము. పదముచేఁ గలిగిన పదార్థస్మృతియే శాబ్దజ్ఞానమునకు హేతువు గావున శబ్దమే యధ్యాహార్య మని దీపికాకారుఁడు రెండవదానిని గైకొనెను. పలికినవాఁ డొక్కమాట పలికి యూరకున్నాఁడు. రెండవమాట వానిబదులు శ్రోత పలికికొని, దానిని దానే విని, తలుపు మూసెను.